మిర్యాలగూడలో సర్వర్ ఆగిన రోజు

మొన్న మా ఆవిడ మోకాలి నొప్పి చూపించడానికి సూర్యాపేటలో ఒక దవాఖానకు వెళ్లాం. టోకెన్ నంబర్లు చూపించే టీవీ కింద ఇద్దరం కూర్చున్నాం. ఫినాయిలు వాసన ఘాటుగా వస్తోంది. ఇంతలో కరెంటు పోయింది. వెనక సందులో జనరేటరు గుర్రుమంటూ అందుకున్నాక టీవీ వెలిగింది గాని నంబర్లు రాలేదు. బూడిదరంగు తెర మధ్యలో చిన్న పెట్టె, అందులో పేరుకు ఒక గడి, పాస్‌వర్డుకు ఒక గడి, మొదటి గడిలో ఆరుతూ వెలుగుతూ ఒక నిలువు గీత. చుట్టూ ఉన్నవాళ్లకు అదేమిటో తెలియదు, అక్కర్లేదు కూడా. నేను మాత్రం ఆ గీత వంక చూడలేకపోయాను. లేచి నిలబడ్డాను. "ఏమాయె? కూసోరాదు, మన నంబరింక రాలే" అంది మా ఆవిడ. కూర్చోలేకపోయాను. వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాను. కాంపౌండరు వచ్చి ఏదో నొక్కి నంబర్లు తెప్పించాక కూడా నా కాళ్లు ఆగలేదు.

ముందే చెప్పేస్తాను, లేకపోతే ఎప్పటిలాగే చుట్టూ తిరుగుతాను. తొంభైల చివర్లో మిర్యాలగూడలోని మా కంప్యూటర్ సెంటర్లో ఉద్యోగ పరీక్ష జరుగుతుండగా సర్వర్ ఆగిపోయింది. అందరికీ వచ్చిన అవకాశం అక్కడితో పోయింది. తప్పు అనసూయ మేడమ్‌దని సెంటర్ యజమాని సేటు అన్నాడు, ఆమె కూడా తప్పు తనదేనంది, ఆనాడు అక్కడ చదివినవాళ్లు ఈనాటికీ అదే అనుకుంటున్నారు. తప్పు ఆమెది కాదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు, పరీక్షకు ముందే తెలుసు. నోరు విప్పలేదు. నాకు పని నేర్పింది, నన్ను నలుగురి ముందు నిలబెట్టింది ఆమె. ఆమెను ఎన్నడూ చూడనివాళ్ల కోసం కూడా ఆమె ఎలాంటి మనిషో చెప్పాలి, నేనేం చేశానో చెప్పాలి.

సూర్యాపేటలో ఎరువుల దుకాణం పైన, ఇనుప మెట్లెక్కితే మా సెంటర్ ఉండేది. యజమానిని అందరం సేటు అనేవాళ్లం. కోదాడలో ఒకటి, తర్వాత మిర్యాలగూడలో ఒకటి తెరిచాడు. డిగ్రీ చదివి ఊళ్లో ఊరికే తిరగలేక, హైదరాబాదు పోయే ధైర్యం చాలక, మధ్యలో ఏదో ఒకటి నేర్చుకుందామని వచ్చినవాళ్లమే అందరం. నాది ఆత్మకూర్ (ఎస్) పక్కన చిన్న పల్లె. మా నాయన గొర్లు కాసేవాడు. రోజూ బస్సు దిగి ఆ మెట్లు పరుగున ఎక్కేవాణ్ణి. అక్కడ యూనిక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే ఒక్క పెద్ద మెషిన్ ఉండేది, దానికి వైర్లతో కలిపిన టెర్మినళ్లు, అంటే తెర, కీబోర్డు మాత్రమే ఉన్న డబ్బాలు, గోడల వెంట వరసగా ఉండేవి. ఎంతమంది కూర్చున్నా వాడేది ఆ ఒక్క మెషిన్‌నే. దాన్ని చూసుకునేదీ, మాకు పాఠం చెప్పేదీ అనసూయ మేడమ్. కోదాడ నుంచి బస్సులో వచ్చేది. పొడుగ్గా, కాస్త వంగినట్టు నడిచేది, గొంతు ఎప్పుడూ పెంచేది కాదు. ఆమె మాటలో "అండీ" వినపడినప్పుడల్లా మావాళ్లు ఒకళ్లనొకళ్లు మోచేత్తో పొడుచుకునేవాళ్లు.

మొదటి నెలల్లోనే నేనొక ఘనకార్యం చేశాను. ఒక ప్రోగ్రామ్ తనలాంటి మరో ప్రోగ్రామ్‌ను పుట్టించగలదని పాఠంలో విన్నాను. పుట్టినది మరి రెండింటిని పుట్టిస్తే, అవి మళ్లీ పుట్టిస్తే ఏమవుతుందో చూద్దామని నాలుగు లైన్లు రాసి వదిలాను. గది మొత్తం కొయ్యబారిపోయింది. ఎవరి తెర మీదా అక్షరం కదలదు. మేడమ్ పుస్తకం మూసి "ఎవరిది?" అని అడిగింది. నేను గొప్పగా లేచి నిలబడ్డాను. తిడుతుందనుకున్నాను. "బాగా రాశావు. ఇప్పుడిటు వచ్చి సైదులు పక్కన నిలబడు" అంది. సైదులు నా జూనియర్, గరిడేపల్లి పిల్లవాడు, ఒక్క వేలితో కీబోర్డు కొట్టేవాడు. "ఏం పోయిందో అతన్ని అడుగు." అడిగాను. సైదులు తెర వంకే చూస్తూ అన్నాడు, "పొద్దటి సంది కొడ్తున్న అన్నా. ఇంక సేవు కొట్టలే. అంత పాయె." ఆ వరసలో ఉన్న ప్రతివాడి దగ్గరా నన్ను నిలబెట్టి అదే ప్రశ్న అడిగించింది. చివరివాడి దగ్గర తల వంచుకునే అడిగాను.

మర్నాడు వచ్చి, సిగ్గు లేనివాణ్ణి, మళ్లీ అదే ప్రోగ్రామ్ వదిలాను. ఈసారి గది ఆగలేదు. నా తెర మీద మాత్రం ఇక కొత్తవి పుట్టించడం కుదరదని ఒక లైను వచ్చింది. పక్కవాళ్లంతా హాయిగా టైపు చేసుకుంటున్నారు. మేడమ్ బల్ల దగ్గర నుంచే, తల ఎత్తకుండా, "ఆగిందా?" అంది. "నాకొక్కనికే పెట్టిండ్రా మేడమ్?" అన్నాను ఉక్రోషంగా. "అందరికీ పెట్టాను. నాకు కూడా. కావాలంటే నా పేరుతో లోపలికెళ్లి చూసుకో." ఒక్కొక్కరు ఒకేసారి ఎన్ని ప్రోగ్రాములు నడపవచ్చు, ఎంత పెద్ద ఫైలు రాయవచ్చు, ఎంత మెమొరీ వాడవచ్చు అని ఆమె ఒక ఫైలులో హద్దులు రాసి పెట్టింది. ఎవరైనా పేరు, పాస్‌వర్డు కొట్టి లోపలికి రాగానే మెషిన్ ముందు ఆ ఫైలు చదివి, ఆ మనిషికి ఆ హద్దులు వేసేది. అప్పటి నుంచి మావాళ్లు ఆమెకు రేషన్ మేడమ్ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టింది నేనే. అది కూడా చెప్పాలి కదా.

ఆ రేషన్ మేడమే ఏడాది తిరక్కుండా సేటుతో గట్టిగా మాట్లాడి నన్ను కింది క్లాసులకు సార్‌ని చేసింది. "వీడు ఒకచోట నిలబడడు మేడమ్, పిల్లలకేం చెప్తడు?" అన్నాడు సేటు. "నడుస్తూనే చెబుతాడండీ. బోర్డు దగ్గర నిలబడితే వెనకవాళ్లు నిద్రపోతారు" అంది ఆమె. నా లోపాన్ని ఎవరైనా పనికొచ్చేదిగా చూడడం నాకు అదే మొదటిసారి. వారంలో ఒకసారి ఇద్దరం మిర్యాలగూడ సెంటరుకు వెళ్లేవాళ్లం. పని అయ్యాక నేను సూర్యాపేట బస్సు ఎక్కకుండా, మాటల కోసం, ఆమెతోపాటు గరిడేపల్లి మీదుగా కోదాడ దాకా పోయి అక్కణ్ణుంచి తిరిగి వచ్చేవాణ్ణి. ఒక సాయంత్రం గరిడేపల్లి దాటాక బస్సు టైరు పంక్చరైంది. అందరం దిగి కాలువ కట్ట మీద నిలబడ్డాం. ఆమె పల్లీల పొట్లం విప్పి నా చేతిలో సగం పోసింది. నేను డ్రైవరు దగ్గరికీ కట్ట దగ్గరికీ తిరుగుతుంటే "నీ కాళ్లు బస్సుకంటే ముందు కోదాడ చేరతాయిలే, కాసేపు ఆగు" అని నవ్వింది. తర్వాత కాలువలోకి చూస్తూ చెప్పింది. వాళ్ల పొలం కాలువ చివర ఉందట. నీళ్లు వదిలినప్పుడు పైవాళ్ల నాట్లు అయిపోయి పైరు పచ్చబడ్డాక గాని వీళ్ల మడి తడిసేది కాదట. "మరి పైనోళ్లతోని కొట్లాడలేదా మేడమ్?" అన్నాను. "మా నాన్న కొట్లాడేవాడు. నాకెందుకో వాళ్ల మీద కోపం వచ్చేది కాదు. నీళ్లు కళ్ల ముందు పోతుంటే ఎవడైనా మడవ తిప్పుకుంటాడు లింగస్వామీ. అది దొంగతనం కాదు, ఆశ. తూము పెట్టాల్సినవాడు పెట్టకపోతే ఆ తప్పు ఎవడిది?"

ఇంకొక మాట కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను, నేర్చుకుని కూడా అవసరమైనప్పుడు వదిలేశాను. కొత్త విద్యార్థికి పేరు, పాస్‌వర్డు ఇచ్చాక ఆమె ముందు తానే ఆ పేరుతో లోపలికి వెళ్లేది. వాడు చేయబోయేవన్నీ చేసి చూసేది. "హద్దు రాయడం సగం పని. ఎవరికి రాశామో వాళ్లలాగా లోపలికెళ్లి చూసుకోవడం మిగతా సగం" అనేది. ఆ మిగతా సగం నాకు విసుగ్గా ఉండేది. రాశాక పని చేస్తుంది కదా, మళ్లీ చూడడమెందుకు అనిపించేది.

మిర్యాలగూడ సెంటరుకు పిల్లలు తగ్గసాగారు. ఎదురు వీధిలో ఇంకొక సెంటర్ వచ్చింది, అక్కడ రంగుల కిటికీలు, మౌస్. మాదగ్గర నల్ల తెర, తెల్ల అక్షరాలు. సేటుకు నిద్ర పట్టలేదు. "మేడమ్, గాళ్ల కాడ సూడుండ్రి, సినిమా హాల్ లెక్క ఉంటది. మనది సూస్తే సావు కబురు బోర్డు లెక్కుంది. పిల్లలు గీడికెందుకొస్తరు?" అన్నాడు ఒక రోజు. "రంగులు చూపించడానికి కూడా మెషిన్ పని చేయాలండీ. పాఠానికి అవసరమైనంత చూపిద్దాం" అంది మేడమ్. నాకు ఆ జవాబు నచ్చలేదు. అప్పటికే ఒక పత్రికతో వచ్చిన సీడీ నుంచి లినక్స్, అంటే యూనిక్స్ లాంటిదే, ఎక్కించి ఇంటి దగ్గర స్నేహితుడి కంప్యూటర్ మీద ఆడుతున్నాను. అందులో లాగిన్ మేనేజర్ అని ఒకటి ఉంటుంది. నల్ల తెర మీద పేరు అడగడానికి బదులు రంగుల తెర వేసి, చక్కని పెట్టెలో పేరు, పాస్‌వర్డు అడిగి, నేరుగా కిటికీలు, మౌస్ ఉన్న లోకంలోకి పంపిస్తుంది. సేటు ముందు ఒకసారి చేసి చూపించాను. ఆయన కుర్చీ ముందుకు లాక్కుని మౌస్‌ను తానే పట్టుకున్నాడు. "గిది మన మిర్యాలగూడల పెడ్తవా? పెట్టు. పెట్టినవంటే గా సెంటరుకు ఇంచార్జివి నువ్వే" అన్నాడు.

పెట్టాను. కొత్త సర్వర్ మీద లినక్స్ వేశాను, పాత కంప్యూటర్లన్నిటి మీదా ఆ సర్వర్ నుంచే రంగుల లాగిన్ వచ్చేలా చేశాను. మేడమ్ వచ్చి చూసింది. కాదనలేదు. తాను రాసే హద్దుల ఫైలును ఆ సర్వర్ మీద కూడా రాసింది, నల్ల తెర మీద లోపలికి వెళ్లి సరిచూసింది. ఇంతలో కోదాడ బస్సు వేళయింది. మెట్లు దిగుతూ "నీ కిటికీలోంచి కూడా ఒకసారి లోపలికెళ్లి చూడు. నేను దారి ఒకవైపే చూశాను" అంది. "చూస్త మేడమ్" అన్నాను.

ఆ మాట మీదే చూశాను కూడా. ఆమె వెళ్లిన మర్నాడు రంగుల పెట్టెలోంచి మామూలు విద్యార్థి పేరుతో లోపలికి వెళ్లి, నా హద్దులేమిటని మెషిన్‌ను అడిగాను. ఏ హద్దూ లేదని చెప్పింది. ప్రోగ్రాములు ఎన్నైనా, మెమొరీ ఎంతైనా. నమ్మకం కుదరక నల్ల తెర మీద అడిగాను. అక్కడ హద్దులన్నీ ఉన్నాయి. కాసేపటికి అర్థమైంది. మేడమ్ ఫైలును చదివేది నల్ల తెర దారిన వచ్చినప్పుడు మాత్రమే. నా రంగుల లాగిన్ మనిషిని వేరే దారిన తీసుకెళ్తోంది, ఆ దారిలో ఆ ఫైలు మొహం చూసేవాడే లేడు. ఆమె తూములన్నీ పాత కాలువ మీద ఉన్నాయి. నేను పక్కనుంచి కొత్త కాలువ తవ్వాను. సరిచేయబోయాను. నాకు తెలిసిన తెలివితో ఏదో ఫైలు మార్చాను, అసలు రంగుల పెట్టే రావడం మానేసింది. మార్చింది తీసేసి మళ్లీ మొదటికి తెచ్చాను.

మేడమ్‌కు ఫోన్ చేస్తే సరిపోయేది. సెంటర్ ఎదురుగానే ఎస్టీడీ బూత్ ఉంది. బూత్ తలుపు దాకా రెండుసార్లు వెళ్లి తిరిగి వచ్చాను. చెప్తే ఆమె ఏమంటుందో తెలుసు. సరిచేసేదాకా ఆ తలుపు మూసెయ్యి అంటుంది. మూస్తే సేటుకు రంగులు పోతాయి, నాకు ఇంచార్జి పోతుంది. పైగా వచ్చే వారమే హైదరాబాదు నుంచి ఒక కంపెనీవాళ్లు వస్తున్నారు. మూడు ఊళ్ల పిల్లలకూ మిర్యాలగూడ సర్వర్ మీదే పరీక్ష పెట్టి, రాసినదాన్ని బట్టి ఉద్యోగాలిస్తామన్నారు. సేటు వాళ్లకు చెప్పిన గొప్పల్లో మొదటిది ఆ రంగుల తెరే. పరీక్షలో ఎవడు పిచ్చి ప్రోగ్రామ్ రాస్తాడులే అనుకున్నాను. అలా అనుకుని టీ తాగాను. ఆ టీ రుచి ఎలా ఉందో గుర్తులేదు, తాగుతూ కూడా తిరుగుతూనే ఉన్నానని మాత్రం గుర్తుంది.

పరీక్ష రోజు పొద్దున మేడమ్ కోదాడ పిల్లల్ని వెంటబెట్టుకుని బస్సు దిగింది. నేరుగా నా దగ్గరికి వచ్చి "కిటికీలోంచి కూడా చూశావా?" అని అడిగింది. "చూసిన మేడమ్. అంత బాగుంది" అన్నాను. ఆమె ముఖం తేలికపడింది. నా భుజం తట్టి పిల్లల దగ్గరికి పోయింది. పరీక్షలో కంపెనీవాళ్లు ఇచ్చిన ప్రశ్న వినగానే నేను సర్వర్ దగ్గరికీ గుమ్మం దగ్గరికీ తిరగడం మొదలుపెట్టాను. ఒక ప్రోగ్రామ్ రాసి, అది పిల్ల ప్రోగ్రాములను పుట్టించి, వాటితో పని చేయించాలి. సైదులు గోడ పక్కన కూర్చున్నాడు. అప్పటికి రెండు చేతులతో కొట్టడం నేర్చుకున్నాడు. పరీక్ష మొదలైన కొంతసేపటికి అతని ప్రోగ్రామ్‌లో ఎక్కడ ఆగాలో చెప్పే లైను తప్పిపోయింది. నేర్చుకునేవాడు ఎవడైనా చేసే తప్పే, నేను కావాలని చేసిన తప్పే. ముందు మౌస్ బాణాలు గెంతుతూ కదిలాయి, తర్వాత అన్ని తెరల మీదా ఎక్కడివక్కడ నిలిచిపోయాయి.

కంపెనీవాళ్లు మర్యాదస్తులు. టీలు తాగారు, గడియారాలు చూసుకున్నారు. నేను సర్వర్ ఆపి, మళ్లీ మొదలుపెట్టాను. రాసినవేవీ మిగల్లేదు. సాయంత్రం వాళ్లకు ఖమ్మంలో పని ఉందట, మళ్లీ ఎప్పుడైనా చూద్దామని కారెక్కారు. ఆ ఎప్పుడైనా అన్నది రాలేదు. సేటు మెట్ల మీదే అరిచాడు. "హద్దులు, హద్దులు అని ఊకె కథలు చెప్తిరి గదా మేడమ్! ఏడవోయినయ్ మీ హద్దులు? ఒక్క పోరడు మొత్తం ముంచె!" ఆ అరుపు మధ్యలో "ఎవడు వాడు?" అని నా వైపు తిరిగాడు. నేను చెప్పాను. "సైదులు, సేటూ. వాని ప్రోగ్రామే." మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో.

ఇంకొకటి చేశాను. దీన్ని ఇంతవరకు మా ఆవిడకు కూడా చెప్పలేదు. సర్వర్ మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఒక ఫైలులో ఒక అంకె మార్చాను. అది మార్చితే రంగుల లాగిన్ రాదు, నల్ల తెరే వస్తుంది. మేడమ్ వచ్చి సర్వర్ ముందు కూర్చుంది. సైదులు ప్రోగ్రామ్‌ను అతని చేతే చెప్పించుకుని మళ్లీ కొట్టి నడిపింది. హద్దు దగ్గర ఠక్కున ఆగింది. ఆమె చాలాసేపు ఆ లైను వంక చూసింది. "ఇప్పుడు ఆగుతోందే" అంది తనలో తాను. తర్వాత నన్ను చూసి "కిటికీ తీసేశావా?" అంది. "మల్ల ఆగిపోతదేమోనని తీసేసిన మేడమ్." "హద్దుల ఫైలులో నువ్వేమైనా మార్చావా?" "లేదు మేడమ్. మీరు పెట్టినయే ఉన్నయ్." అది నిజమే. అబద్ధమాడడానికి నిజం ఎంత బాగా పనికొస్తుందో ఆ రోజు తెలిసింది. ఆమె లేచి బయట నిలబడ్డ పిల్లల దగ్గరికి వెళ్లింది. "చూసుకోవాల్సింది నేను. ఎక్కడో సరిగా చూసుకోలేదు. తప్పు నాది" అంది. ఆమె అటు తిరిగాక పిల్లలు సైదులును పట్టుకున్నారు. "నీ పోగ్రాం పుణ్యాన అందరి నౌకర్లు పాయె గదరా! ఏ కాలేజీల సదివినవ్ రా నాయనా?" సైదులు చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాండు వైపు నడిచాడు. చెప్పులు మెట్ల దగ్గరే ఉండిపోయాయి. నేను చూస్తూ నిలబడ్డాను.

ఆ నెలలోనే మేడమ్ మానేసింది. కోదాడలో ఇంటి దగ్గరే పిల్లలకు లెక్కలు చెప్పుకుంటోందని విన్నాను. నేను ఇంచార్జి అయ్యాను. అనుకున్నది దొరికాక ఒక్క రోజు కూడా ఆ కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. కొన్నేళ్లకు సెంటర్లన్నీ మూతపడ్డాయి, సేటు సిమెంటు వ్యాపారంలోకి పోయాడు, నేను కాలేజీల్లో కంప్యూటర్ ల్యాబులు చూసుకునే పనిలో పడ్డాను. ఇప్పటికీ ఏ ల్యాబులో ఏది పెట్టినా అందరికంటే చిన్న విద్యార్థి పేరుతో, లోపలికి ఎన్ని దారులుంటే అన్ని దారులా వెళ్లి చూస్తాను. కుర్రాళ్లు నవ్వుతారు. "సార్, ఒక్కసారి సూసినంగ, మల్లేంది?" అంటారు. నేను ఇంకో దారిన మళ్లీ లోపలికి వెళ్తాను. ఆమె నేర్పిన పని రోజూ చేస్తూ, ఆమె ఊరి వైపు మాత్రం తల తిప్పలేదు. విజయవాడ పోవాల్సి వస్తే కోదాడ దాటేదాకా బస్సులో కళ్లు మూసుకునేవాణ్ణి.

దవాఖాన నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే కోదాడ బస్సెక్కాను. ఇల్లు వెతకడం కష్టం కాలేదు, లెక్కల మేడమ్ అంటే పాలవాడే చూపించాడు. జుట్టు తెల్లబడింది, నడుము ఇంకాస్త వంగింది. నన్ను గుమ్మంలో చూసి "లింగస్వామీ! కూర్చుంటావా, నడుస్తూ మాట్లాడతావా?" అంది. నిలబడే అంతా చెప్పాను. బూత్ దాకా వెళ్లి వెనక్కి రావడం, చూశానని చెప్పడం, ఆ అంకె మార్చడం. ఆమె మధ్యలో ఆపలేదు. అయ్యాక "మంచినీళ్లు తాగు" అని గ్లాసు ఇచ్చింది. "నాకు తెలుసు" అంది.

"ఎప్పటి సంది తెలుసు మేడమ్?"

"కిటికీ తీసేశానన్నావే, అప్పుడే ఏదో గుచ్చుకుంది. తర్వాత ఇక్కడొక పాత మెషిన్ కొని అలాగే పెట్టి చూశాను. రెండో దారి కనిపించింది."

"మరి సేటుకు చెప్పలేదేంది? నన్ను తిట్టలేదేంది?"

"చెబుతావని కొన్నాళ్లు చూశాను. కోపం కూడా వచ్చిందిలే, రాకుండా ఎలా ఉంటుంది? కానీ కారణం తెలిశాక నాకు నిద్ర పట్టింది లింగస్వామీ. నా పని తప్పు కాదని నాకు తెలుసు కదా, అది చాలు." గ్లాసు నా చేతిలోంచి తీసుకుంటూ అడిగింది. "సైదులు దగ్గరికి వెళ్లావా?"

నాకు ఆ ప్రశ్న ముందు అర్థం కాలేదు. ఇన్నేళ్లు నేను పడ్డ బాధలో సైదులు లేడు. మేడమ్ ఉంది, ఆమె పోగొట్టుకున్న ఉద్యోగం ఉంది, నేనున్నాను. చెప్పులు వదిలేసి పోయిన మనిషి లేడు. "వాడికి కారణం తెలియదు" అంది మేడమ్. "అందరి బతుకూ తన చేత్తో పాడైందనుకున్నాడు. మళ్లీ కీబోర్డు ముట్టలేదట. నేనైనా చెప్పి ఉండాల్సింది. నువ్వు చెప్పాల్సింది నేను చెప్పడమెందుకని ఆగాను. అది నా తప్పు, దాన్ని నీ ఖాతాలో వెయ్యను." లేచి తలుపు దగ్గరికి వచ్చింది. "గరిడేపల్లిలో మోటార్లు బాగుచేస్తున్నాడు. ఇప్పుడు బయల్దేరితే మధ్యాహ్నానికి ఉంటావు. ఇక్కడ తిరిగే తిరుగుడేదో అటు తిరుగు."

సైదులు దుకాణం రోడ్డు పక్కనే ఉంది. బయట విప్పిన మోటార్లు, లోపల వార్నిష్ వాసన. ముక్కాలి పీట మీద కూర్చుని రాగి తీగ చుడుతున్నాడు, కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి. "అన్నా! లింగస్వామన్నా! ఎన్నేండ్లాయె! రా, కూసో" అని పీట జరిపాడు. ఈసారి కూర్చున్నాను. కూర్చునే చెప్పాను. తీగ చుట్టే చేయి నెమ్మదించింది గాని ఆగలేదు.

"అంటే, నా పోగ్రాం తప్పు కాదా అన్నా?"

"తప్పే సైదులూ. కని ఆ తప్పుకు నీ ఒక్కని తెరే ఆగాలె. అందరియి ఆగింది నా వల్ల. నాకు ముందే తెలుసు. తెలిసి సేటుకు నీ పేరు చెప్పిన."

చేయి ఆగింది. రోడ్డు మీద పోతున్న వరిగడ్డి ట్రాక్టరు వంక చూశాడు. "మా నాయన సచ్చిపోయేదాక అంటుండె," అన్నాడు చివరికి, "పదిమంది అన్నం చెడగొట్టినవ్ రా అని. నా పెండ్లయినంక నా పెండ్లానికి కూడ గదే చెప్పిండు. నేనేం జవాబిస్త? నిజమే అనుకున్న." తీగ చుట్ట కింద పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. నన్ను కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండు అనుకున్నాను. అతను లేచి వెనక తలుపు వైపు తిరిగి పిలిచాడు. "ఏమే, జర గీడికి రా. పొయ్యి మీది బంజేసి రా." తర్వాత నాతో అన్నాడు, "మల్లొక్కపారి చెప్పు అన్నా. నాకు జెప్పినట్టే. ఆమె ఇనాలె."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప దగ్గర నిలబడింది, ఎవరీ మనిషి అన్నట్టు మా ఇద్దర్నీ చూసింది. నేను పీట మీద నుంచి లేచాను. "అమ్మా, నా పేరు లింగస్వామి. మిర్యాలగూడల మెషిన్ ఆగిననాడు అందరి పరీక్ష చెడగొట్టింది మీ ఆయన కాదు, నేను. తెలిసి కూడ ఆయన పేరు చెప్పి నేను తప్పించుకున్న. ఇన్నేండ్లు ఆయన్ని ఆ మాట మొయ్యనిచ్చిన. తప్పయింది సైదులూ, నన్ను మన్నించు."